తూము దగ్గర ఇరువైపుల మనుషులూ కూర్చోవాలి: కృష్ణా పరీవాహక రాష్ట్రాల ముఖ్యమంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర ముఖ్యమంత్రులకు, కేంద్ర జలశక్తి శాఖ మంత్రిగారికి నమస్కారములు.

నేను నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద నాలుగెకరాల వరి సాగు చేసుకునే రైతును. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. మా హాలియా ప్రాంతానికీ ఆవలి ఒడ్డున ఉన్న మాచర్లకూ నడుమ ఉన్నది ఒక నది, దాని మీద ఒక డ్యాము. నా భార్య పుట్టింటివారు మాచర్ల వైపు వారు. పెళ్లిళ్లకు, కర్మలకు, తిరునాళ్లకు మేము అటూ వాళ్లు ఇటూ రావడం రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడూ ఉంది, రెండయిన తర్వాతా ఉంది. ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత ఇంతే.

2023 నవంబర్ 30న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. ఆ ఉదయం మా ఊరి బడిలో ఓటు కోసం బారులో నిలబడి ఉండగా మాచర్ల నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, రాత్రి కుడి కాల్వకు నీళ్లొదిలారంట. మీవోళ్లేమన్నా గొడవ చేస్తారా?" అని అడిగాడు. మావోళ్లు, మీవోళ్లు అన్న మాట ఇన్నేళ్ల బంధుత్వంలో ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అంతకుముందు అర్ధరాత్రి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వందల సంఖ్యలో డ్యాము మీదికి వచ్చారు. 26 గేట్లలో సగాన్ని తమ అధీనంలోకి తీసుకొని, 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. ఆంధ్రప్రదేశ్ వైపు పోయే కుడి కాల్వకు నీరు వదిలారు. ఇవతలి వైపు తెలంగాణ పోలీసులు మోహరించారు. మరునాడు కేంద్ర హోంశాఖ కార్యదర్శి వీడియో సమావేశం పెట్టి, నవంబర్ 28 నాటి స్థితిని పునరుద్ధరించాలని, డ్యాము కాపలాను కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అప్పగించాలని చెప్పి శాంతపరిచారు.

కొన్ని రోజుల తర్వాత నేను సాగర్ దాకా పోయాను. డ్యాము మీదికి పోనివ్వలేదు. అడ్డంగా పెట్టిన బారికేడు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుళ్లలో ఒకడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. ఎన్నికల డ్యూటీ నుంచి నేరుగా ఇక్కడికి పంపారని, సరిగా నిద్రపోయి నాలుగు రోజులైందని చెప్పాడు. "అటువైపు నిలబడ్డవాళ్లూ మాలాంటివాళ్లే సార్. మొదటిరోజు మాటామాటా అనుకున్నాం, రెండోరోజు చాయ్ పంచుకున్నాం" అన్నాడు. నదికి ఇరువైపులా లాఠీలు పట్టుకొని నిలబడిన ఆ పిల్లల కుటుంబాల్లో ఈ కాల్వల కింద భూమి ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు. ఆ రోజు వాళ్లలో ఏ ఒక్కడి చేతిలోని లాఠీ లేచినా, ఏ తుపాకీ పొరపాటున పేలినా, ఆ గాయం మాన్పడానికి ఎన్ని తరాలు పట్టేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

ఎవరిది తప్పో తేల్చమని ఈ లేఖ రాయడం లేదు. అయినా నా అభిప్రాయం దాచుకోను. విభజన తర్వాత సాగర్ నిర్వహణ తెలంగాణ చేతిలో, శ్రీశైలం నిర్వహణ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంటూ వచ్చాయి. తనకు హక్కున్న నీరే అయినా అర్ధరాత్రి పోలీసు బలంతో వచ్చి గేట్లను పట్టుకోవడం ప్రజాస్వామ్య ప్రభుత్వం చేయవలసిన పని కాదు. అలాగే, కృష్ణా నీళ్లు పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలలో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో ఒక ఏడాది కోసం చేసుకున్న తాత్కాలిక సర్దుబాటు ఏడాది తర్వాత ఏడాది కొనసాగడం నల్లగొండకూ పాలమూరుకూ అన్యాయమని నా గట్టి నమ్మకం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల్ని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో చూసినవాణ్ణి. కృష్ణ పక్కనే పారుతున్నా బొంబాయికీ పూనాకూ వలసపోయిన పాలమూరు కూలీల పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మా వాటా కోసం ట్రిబ్యునల్ ముందు గట్టిగా వాదించాలి. 2023 అక్టోబర్‌లో బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం అప్పగించిన కొత్త విచారణాంశాల మీద త్వరగా తీర్పు రావాలి. కాని తీర్పు వచ్చేదాకా ప్రతి ఏడూ పంట వేయాలి, ప్రతి వేసవీ దాహం తీర్చుకోవాలి. బచావత్ ట్రిబ్యునల్‌ను 1969లో నియమిస్తే దాని తుది నిర్ణయం 1976లో రాజపత్రంలో అచ్చయింది. 2004లో నియమించిన రెండోదైన ఈ బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లోనూ 2013లోనూ నివేదికలిచ్చినా సుప్రీంకోర్టు స్టే వల్ల అవి అమలులోకి రాలేదు. ట్రిబ్యునల్ చెప్పగలిగేది ఎవరికి ఎంత అన్నది. ఈ వారం ఏ తూము ఎంత ఎత్తాలి, ఎత్తేటప్పుడు అక్కడ ఎవరెవరు ఉండాలి అన్నది పొరుగువాళ్లు కూర్చొని మాట్లాడుకోవలసిన సంగతి. నా విన్నపమంతా ఈ రెండో సంగతి గురించే.

మా తాతగారి ఊరు నాంపల్లి వైపు. కాల్వ లేని మెట్ట ప్రాంతం, గొలుసుకట్టు చెరువుల నాడు. పై ఊరి చెరువు అలుగు పోస్తేనే కింది ఊరి చెరువు నిండేది. నా చిన్నతనంలో ఒక కరువు ఏడు, పై ఊరివాళ్లు అలుగు మీద మట్టి కట్ట వేసి నీళ్లు ఆపుకున్నారని పుకారు లేచింది. కింది ఊరివాళ్లు రాత్రిపూట పారలు, గడ్డపారలు పట్టుకొని వచ్చారు. ఇద్దరికి తలలు పగిలాయి. మరునాడు రెండు ఊళ్ల పెద్దమనుషులు చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ ముందర కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చారు. నీళ్లెన్ని అన్న లెక్క దగ్గర వాళ్లు ఆగిపోలేదు. ఆ పంట కోతలయ్యేదాకా పై ఊరి అలుగు దగ్గర కింది ఊరి నీరటి (చెరువు నీళ్లు చూసుకునే మనిషి) పడుకోవాలి, కింది ఊరి తూము దగ్గర పై ఊరి నీరటి కూర్చోవాలి అన్నారు. పై ఊరివాళ్లకు కూడా కింది చెరువు కింద కొంత పొలం ఉండేది కనుక వాళ్లకూ ఆ కాపలా అవసరమే. రెండు ఊళ్ల నుంచీ వంతులవారీగా ఆ నీరటులకు అన్నం పోయేది. మా నాయనమ్మ కట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు సద్ది మోసుకొని నేనే రెండుసార్లు పోయాను. కింది ఊరి నీరటి చేతికర్రతో నీటిమట్టం కొలిచి, ఆ కర్ర మీద బొగ్గుతో గీత గీసి, పై ఊరి పిల్లవాణ్ణయిన నాకే చూపించి "నువ్వూ చూడు, రేపు మీ తాత అడుగుతడు" అన్నాడు. ఆ ఏడు పంట సగమే పండింది. మళ్లీ తలలు మాత్రం పగలలేదు.

ఆ బొగ్గు గీతను ఇద్దరూ చూడటమే సహకారమని నేను అనుకుంటాను. ప్రాంతీయ సహకారం, శాంతి భద్రతలు, ప్రజాస్వామ్య పాలన అని మనం పెద్ద సభల్లో వాడే మాటలు నేల మీదికి దిగితే ఇలాగే ఉంటాయి. మనకు లేనిది కూడా అదే. 2025 జూలై 16న ఢిల్లీలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కేంద్ర జలశక్తి మంత్రి సమక్షంలో సమావేశమైనప్పుడు, కృష్ణ నీటిని మళ్లించే చోట్లన్నిటా టెలిమెట్రీ యంత్రాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. సంతోషం. రాష్ట్రం విడిపోయిన పదకొండేళ్లకు కొలత యంత్రం మీద అంగీకారం కుదిరింది. యంత్రం చూపిన అంకెను ఇరువైపుల మనుషులూ ఒకే సమయంలో చూసే ఏర్పాటు కూడా దానితోపాటు చేయండి.

ఎగువ, దిగువ అన్న మాటల గురించి ఒకటి మనవి చేయాలి. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ దాటి నారాయణపేట జిల్లా తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడ, జూరాల దగ్గర మేము దిగువవాళ్లం. ఆలమట్టి ఎత్తు 524.256 మీటర్లకు పెంచుతామని కర్ణాటక అంటే మా గుండెలు జారతాయి. రాయచూరు జిల్లాలో తుంగభద్ర మీద ఉన్న రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాల్వ కింద గద్వాల, అలంపూర్ ప్రాంతాల్లో 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. దానికి ట్రిబ్యునల్ 15.9 టీఎంసీలు కేటాయించింది. కాని కాల్వ మొదటి నలభై రెండు కిలోమీటర్లు కర్ణాటకలో ఉన్నాయి, చివరి భూముల రైతులు ఆ నీటిలో సగమైనా చూడలేదని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అక్కడా మేము దిగువే. అదే మేము శ్రీశైలం, సాగర్ దగ్గరికి వచ్చేసరికి ఎగువవాళ్లమవుతాం. మా ఎడమ కాల్వ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దాటి ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరు, నూజివీడు వైపు పోతుంది. ఆ చివరి రైతు మా మీద ఏమని ఫిర్యాదు చేస్తాడో, మా మానోపాడు రైతు రాయచూరు మీద అక్షరం మారకుండా అదే ఫిర్యాదు చేస్తాడు. ఎగువన ఉన్నప్పుడు మాట్లాడే న్యాయమూ దిగువన ఉన్నప్పుడు మాట్లాడే న్యాయమూ వేరువేరుగా ఉన్న ప్రభుత్వం తన సొంత రైతులకే న్యాయం చేయలేదు. ఆర్డీఎస్ మీద మీరు కర్ణాటకను ఏ పద్ధతి అడుగుతారో, ఎడమ కాల్వ చివరి భూములకు ఆ పద్ధతినే ముందు మీరు పాటించండి అని నా రాష్ట్ర ముఖ్యమంత్రిగారిని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

సంస్థలు లేక ఈ గతి పట్టలేదు. రాజ్యాంగంలో అంతర్రాష్ట్ర నీటి వివాదాల కోసం 262, రాష్ట్రాల మధ్య సమన్వయం కోసం 263 అధికరణాలున్నాయి. 263 కింద 1990లో ఏర్పాటైన అంతర్రాష్ట్ర మండలి పదకొండోసారి 2016 జూలైలో సమావేశమైంది. నదీ బోర్డుల చట్టం 1956లోనే వచ్చింది. ఆ చట్టం కింద ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం అపెక్స్ కౌన్సిల్‌ను, కృష్ణా నది యాజమాన్య బోర్డును ఇచ్చింది. ఇద్దరు ముఖ్యమంత్రులు, కేంద్రమంత్రి కూర్చునే ఆ కౌన్సిల్ తొలి సమావేశం 2016 సెప్టెంబర్‌లో, రెండోది 2020 అక్టోబర్‌లో జరిగాయి. రెండు సమావేశాల నడుమ నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఎనిమిది పంటలు వచ్చి పోయాయి. బోర్డు పరిధిని నిర్ణయిస్తూ 2021 జూలై 15న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చినా ప్రాజెక్టుల అప్పగింత పూర్తికాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది: దక్షిణ ప్రాంతీయ మండలిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి, మహారాష్ట్ర పశ్చిమ మండలిలో ఉంది. అంటే నది పుట్టిన రాష్ట్రమూ, నది సముద్రంలో కలిసే రాష్ట్రమూ రోజువారీ నీటి సంగతులు మాట్లాడుకోవడానికి ఒకే బల్ల ముందు కూర్చునే స్థిరమైన ఏర్పాటే లేదు. ట్రిబ్యునల్‌లో మాత్రం నలుగురూ ఎదురవుతారు, న్యాయవాదుల వెనుక నిలబడి.

ఈ బల్ల లేకపోవడం వల్ల పోయేది నీళ్లే అయితే ఇంత బాధ ఉండేది కాదు. 2009 అక్టోబర్ మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పోటెత్తాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టం ఉన్న జలాశయం 896 అడుగులు దాటింది. కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది, రాజోలి ఊరు ఊరంతా నీళ్లలోకి పోయింది. మా బడి పిల్లలు పోగుచేసిన బియ్యం, దుప్పట్లు తీసుకొని నేను రాజోలి పోయాను. అది చేనేత ఊరు. ఒక ఇంట్లో మగ్గం గుంట నిండా మెత్తటి ఒండ్రు పేరుకొని ఉంది. ఆ ఇంటి ముసలమ్మ చేత్తో ఆ బురద తోడి, అందులోంచి జరీ పోగులు ఒక్కొక్కటే లాగి నీళ్లలో జాడించి దండెం మీద వేస్తోంది. ఎగువన అంత వాన పడుతోందన్న సంగతి మీకెప్పుడు తెలిసిందని అడిగితే, "నీళ్లు గడప దాటినంక తెలిసింది నాయనా" అంది. కర్ణాటకలో కురిసిన వాన అలంపూర్ గడప తొక్కడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలే ప్రాణాలు. ఆ గంటల్లో రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ కలెక్టర్ల మధ్య ఎన్ని ఫోన్లు నడిచాయో గాని, రాజోలి ముసలమ్మ దాకా ఒక్క మాటా రాలేదు.

మనకు సహకరించడం చేతకాదని నేననను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 105 టీఎంసీలతో నిండుగా ఉన్న జలాశయం. మూడు రాష్ట్రాల ఇంజినీర్లు, అధికారులు అక్కడికి చేరారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో, నీరు ఉరకలెత్తి పారుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దింపి, వారం రోజుల్లో ఆ ఖాళీని మూసేశారు. ఎంతో నీరు పోయినా ఆ ఏటి పంట నిలబడింది. అది సాధ్యపడటానికి కారణం ఆ వారంలో ఉన్నట్టుండి పుట్టిన మంచితనం కాదు. 1950ల నుంచీ ఆ డ్యామును చూసుకునే తుంగభద్ర బోర్డు అనే ఉమ్మడి సంస్థ అక్కడ ఉంది, మనుషులకు ఒకరి ముఖం ఒకరికి తెలుసు. 2025 ఫిబ్రవరి 22న మా నల్లగొండకు నీళ్లు తేవలసిన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగం దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడూ సైన్యం, నౌకాదళం, సింగరేణి కార్మికులు, రైల్వేవాళ్లు వచ్చారు. కేరళ పోలీసుల కుక్కలు వచ్చి మృతదేహం ఉన్న చోటు పసిగట్టాయి. ఆ ఎనిమిది మంది పంజాబ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, జార్ఖండ్ బిడ్డలు. మా నీళ్ల కోసం ప్రాణాలు పెట్టినవాళ్లది మా రాష్ట్రం కాదు, మా భాషా కాదు. వాళ్లను తలచుకున్నప్పుడు నది మీద కంచె వేసుకున్న సంగతి మరింత సిగ్గనిపిస్తుంది.

దేశాల సంగతి చూసినా ఇదే తేడా కనిపిస్తుంది. 1985లో ఢాకాలో పుట్టిన దక్షిణాసియా దేశాల సంఘం సార్క్, ద్వైపాక్షిక వివాదాలు చర్చించరాదని తన చార్టర్‌లోనే రాసుకుంది. 2011లో ప్రజాస్వామ్యం మీద ఒక ప్రకటనపత్రం కూడా ఆమోదించింది. కాని దాని అధినేతల శిఖరాగ్ర సమావేశం 2014లో కాఠ్మండూలో జరిగిన తర్వాత మళ్లీ జరగలేదు. గొడవ వచ్చిన రోజే బల్ల ఎత్తేస్తే ఆ బల్ల ఉండీ ప్రయోజనం లేదు. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ నది ఒడ్డున ఉన్న మాలి, మారిటేనియా, సెనెగల్ దేశాలు సంపన్నమైనవేమీ కావు. 1972లో అవి ఒక నదీ సంస్థ పెట్టుకున్నాయి. మాలి భూమి మీద కట్టిన మానంతాలి డ్యాముకు మూడు దేశాలూ ఉమ్మడి యజమానులని 1978లో ఒప్పందం రాసుకున్నాయి. 1989లో సెనెగల్, మారిటేనియాల మధ్య నెత్తురు పారింది, దౌత్య సంబంధాలు తెగిపోయాయి. నదీ సంస్థ మాత్రం తెగలేదు. డ్యాము ఎవరి నేల మీద ఉన్నా అది అందరిదీ అన్న ఒక్క వాక్యం వాళ్లను కాపాడింది. ఒకే రాజ్యాంగం కింద, ఒకే జెండాకు వందనం చేసే మనం ఆ వాక్యం రాసుకోలేమా?

ప్రజాస్వామ్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇంతవరకు నేను చెప్పినదంతా అధికారులూ మంత్రులూ కూర్చునే బల్లల గురించే. 1997లో ఉమ్మడి రాష్ట్రం సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు భాగస్వామ్యమిచ్చే చట్టం తెచ్చింది. ఆ ఏడాది జరిగిన నీటి వినియోగదారుల సంఘాల ఎన్నికల్లో మా మేజరు కాల్వ కింద రైతులు మొదటిసారి తమ నీటి కోసం తామే ఓటు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్‌లో ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో ఆ ఎన్నికలు జరగక ఏళ్లు గడిచాయి. అంటే రేపు కుడి కాల్వ రైతులు తమ ప్రతినిధి ఎవరో చూపించగలరు. ఎడమ కాల్వ రైతులం చూపించలేం. నీళ్ల పేరు మీద ఉద్యమం చేసి తెచ్చుకున్న రాష్ట్రంలో నీళ్లు వాడుకునేవాడికి ఎన్నికైన గొంతు లేకపోవడం నన్ను లోలోపల తొలిచేస్తున్నది. ఆ ఎన్నికలు వెంటనే పెట్టించండి. ఎన్నికైనవాళ్లు లేనిచోట, గొడవ వచ్చినప్పుడు ముందుకు వచ్చేది ఎవరు పెద్దగా అరవగలిగితే వాళ్లే.

ఇక నేను అడుగుతున్నవి. నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. దానికి ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనకపట్టిన అక్టోబర్‌లో ఒకసారి, యాసంగి నడిమధ్య ఫిబ్రవరిలో ఒకసారి, నాలుగు రాష్ట్రాల ప్రతినిధులు తప్పనిసరిగా కలవాలి. తగాదా ఉన్నా లేకున్నా కలవాలి. తగాదా లేని ఏడే ముఖ్యంగా కలవాలి. సమావేశం ఢిల్లీలోనో నక్షత్రాల హోటళ్లలోనో కాకుండా ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ దగ్గర వంతులవారీగా జరగాలి. అక్కడ జరిగిన మాటల వివరం పదిహేను రోజుల్లో మరాఠీ, కన్నడ, తెలుగు భాషల్లో అచ్చువేసి శాసనసభల ముందు పెట్టాలి, పంచాయతీలకు పంపాలి.

రాజోలిబండ ఆనకట్ట దగ్గర, జూరాల దగ్గర, శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీరు తీసుకునే పోతిరెడ్డిపాడు దగ్గర, సాగర్ కుడి ఎడమ కాల్వల రెగ్యులేటర్ల దగ్గర ఆవలి రాష్ట్రపు ఇంజినీరు ఒకరు, ఆవలి కాల్వ రైతు ప్రతినిధి ఒకరు ఎల్లవేళలా ఉండాలి. మా ఎడమ కాల్వ చివర తిరువూరు వైపు రైతు వచ్చి హాలియా దగ్గర కొలత చూడవచ్చు. మా అలంపూర్ రైతు పోయి రాజోలిబండ దగ్గర చూడవచ్చు. వాళ్లకు ఇవ్వవలసింది ఒక గది, ఒక గుర్తింపు కార్డు, కొలత పుస్తకంలో సంతకం పెట్టే హక్కు. సంతకం లేని అంకె చెల్లదు అని రాయండి. ఆ గదికి అయ్యే ఖర్చు, 2023 డిసెంబర్‌లో డ్యాము మీద బలగాలను నిలబెట్టడానికి అయిన ఖర్చు ముందు లెక్కలోకి వచ్చేది కాదు.

పోలీసుల సంగతి అన్నిటికన్నా తొందరగా తేల్చవలసినది. 2015 ఫిబ్రవరిలో సాగర్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు తోసుకున్నారు. అప్పుడు గవర్నరుగారు ఇద్దరు ముఖ్యమంత్రులనూ పిలిచి కూర్చోబెట్టారు. 2021లో జలవిద్యుత్తు విషయంలో శ్రీశైలం, సాగర్, పులిచింతల దగ్గర మళ్లీ బలగాలు దిగాయి. 2023 సంగతి పైన చెప్పాను. మూడుసార్లూ అదృష్టం మనల్ని కాచింది. నదీ బోర్డు రాతపూర్వకంగా కోరితే తప్ప ఏ రాష్ట్రమూ నీటి వివాదం పేరుతో డ్యాము మీదికి సాయుధ పోలీసులను పంపరాదని నలుగురు ముఖ్యమంత్రులూ ఒక కాగితం మీద సంతకాలు చేయండి. ఎన్నికల వేళ అక్రమ మద్యం, డబ్బు ఆపడానికి సరిహద్దు జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు ఉమ్మడిగా సమావేశమై చెక్‌పోస్టులు పెట్టుకోవడం మేము ఎన్నోసార్లు చూశాం. నల్లగొండ, పల్నాడు, నాగర్‌కర్నూల్, నంద్యాల, గద్వాల, కర్నూలు, రాయచూరు: ఇదే జిల్లాల ఇదే అధికారులు నీటి కోసం, వరద హెచ్చరిక కోసం మూడు నెలలకొకసారి కూర్చోవడానికి కొత్త చట్టం అక్కరలేదు. మీ ఆదేశం చాలు.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఆవలివాళ్లకు మన తూము దగ్గర కుర్చీ వేస్తే మన హక్కు వదులుకున్నట్టే అని ప్రతి రాష్ట్రంలోనూ అనేవాళ్లుంటారు; ప్రతిపక్షంలో ఉన్నవారు అంటారు, రేపు అధికారంలోకి వచ్చినవారు మళ్లీ అదే మాట ఎదుర్కొంటారు. నలభై ఏళ్లుగా పార్టీలు మారడం చూసినవాడిగా చెబుతున్నాను, ఊళ్లలో రైతులు దీన్ని మీరు భయపడినంతగా తప్పుపట్టరు. పోయిన సంక్రాంతికి మాచర్లలో మా బావమరిది ఇంటి అరుగు మీద ఈ కుర్చీ సంగతే చెబితే, చుట్టూ కూర్చున్న కుడి కాల్వ రైతుల్లో ఒకాయన, "మా మనిషి మీ కాడ ఉంటే మాకు పేపరోడు చెప్పే లెక్కతో పనేముంది" అన్నాడు. మా ఊరికి వచ్చి చెబితే మావాళ్లూ దాదాపు అదే మాట అన్నారు. ఇంకొకాయన మాత్రం అడ్డం తిరిగాడు: ముందు మన వాటా తేలనీ, తర్వాత కుర్చీలు వేద్దాం అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. వాటా తేలేలోగా ఎన్ని పంటలు పోతాయన్న నా ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, ఆయన బాధకు నా దగ్గరా పూర్తి జవాబు లేదు. అందుకే ఆ రెండు పనులూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా సాగాలని అడుగుతున్నాను.

మొదటి సమావేశం సాగర్‌లో పెట్టండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన చోటు అది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కుడి ఎడమ కాల్వలు రెండింటికీ నీరు వదిలిన చోటు. ఆ డ్యాముకు రాళ్లు మోసిన కూలీలు రెండు ఒడ్డుల నుంచీ వచ్చారు, మునిగిన ఊళ్లూ రెండు ఒడ్డుల మీదివే. వచ్చే మే నెలలో ఒక తేదీ నిర్ణయించి ఇప్పుడే ప్రకటించండి. మృగశిరలో నారు పోసుకోవాలంటే కాల్వకు నీళ్లు ఏ రోజు వదులుతారో మాకు రోహిణిలోనే తెలియాలి. మాచర్లలో మా బావమరిదికి కూడా ఆ సంగతి అదే రోజు, అదే కాగితం మీద తెలియాలి.

ఇట్లు,
ఎడమ కాల్వ ఆయకట్టు రైతు, విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
హాలియా ప్రాంతం, నల్లగొండ జిల్లా.